కథ నాది, కప్ప అతనిది... సంతకం పెట్టొచ్చా?

పిల్లల కోసం బొమ్మల పుస్తకం రాసిన ఒక పాఠకురాలి దగ్గర్నుంచి పెద్ద ఉత్తరమే వచ్చింది. పేరు, ఊరు వేయొద్దన్నారు. ఆవిడ చెప్పిందంతా కాస్త కుదించి ఇస్తున్నాను.

ఆవిడ టీచర్. చాలా ఏళ్లుగా పిల్లల కథలు రాస్తున్నారు. పత్రికల్లో కొన్ని వచ్చాయి గానీ పుస్తకం ఇంతవరకూ రాలేదు. పిల్లల కోసం రాసేవాళ్లు, బొమ్మలేసేవాళ్లు నెలకోసారి కూర్చుని ఒకరిది ఒకరు చదివి మొహమాటం లేకుండా చెప్పుకునే ఒక చిన్న బృందం ఉంది, ఆవిడ అందులో సభ్యురాలు. అక్కడే ఒక ఆర్టిస్ట్ కుర్రాడు పరిచయమయ్యాడు. వయసులో ఆవిడ కంటే బాగా చిన్న, ‘అక్కా’ అని పిలుస్తాడు. ఒకసారి ఆవిడ చదివిన కథ నచ్చి, ఎవరూ అడక్కుండానే దానికి బొమ్మలు వేయడం మొదలుపెట్టాడు.

కథ ఇదీ. ఒక పాపకి రాత్రి నిద్ర పట్టదు. ఇంట్లో ఎక్కడో ‘టప్... టప్’ మని చప్పుడు. పాప లేచి ఒక్కో గదీ వెతుకుతుంది. మొదట రాసినప్పుడు ఇది వెయ్యి పదాలు దాటింది. చివర్లో అమ్మ వచ్చి, కుళాయి కారుతోందని చూపించి, ఊరికే భయపడకూడదని చెప్పి పడుకోబెడుతుంది. ఆ అబ్బాయి తయారుచేసిన డమ్మీలో (పుస్తకం ఎలా ఉంటుందో పేజీల వారీగా చూపించే నమూనాలో) మాత్రం, కథలో ఎక్కడా లేని ఒక బుల్లి కప్ప కిటికీలోంచి లోపలికి దూకింది. పాప మంచం కింద చూస్తుంటే అది మంచం మీద ఉంటుంది. పాప మంచం మీద చూసేసరికి తలుపు వెనక్కి చేరుతుంది. పాపకి తప్ప పుస్తకం పట్టుకున్న ప్రతివాళ్లకీ కనిపిస్తుంది. అది చూశాక ఆవిడ కథని తిరగరాశారు. అమ్మని తీసేశారు, కుళాయిని తీసేశారు, నీతిని కూడా తీసేశారు. మూడొందల పదాలు మిగిలాయి. ఇప్పుడు చివర్లో పాప ‘ఇంట్లో ఎవరూ లేరు’ అనుకుని లైట్ ఆర్పేస్తుంది. బొమ్మలో కప్ప పాప చెప్పులో కూర్చుని ఉంటుంది.

ఉద్యోగం చేసుకుంటూ, రాత్రిళ్లు కూర్చుని, బొమ్మలన్నీ రంగులతో సహా పూర్తి చేయడానికి ఆ అబ్బాయికి ఏడాది దగ్గర పట్టింది. డబ్బు మాట ఇద్దరూ ఎత్తలేదు. ఇప్పుడు ఆవిడ రాసిన ఇంకో కథకి కూడా స్కెచ్‌లు మొదలుపెట్టేశాడట.

ఈలోగా ఒక ప్రచురణ సంస్థ కొత్త కథలు పంపమని ప్రకటించింది. ‘కథ మాత్రమే పంపండి, బొమ్మలు వద్దు’ అన్నది వాళ్ల నియమం. ఆవిడ కథ ఒక్కటే పంపారు. కానీ బొమ్మ లేకపోతే ఆ కథ అర్థం కాదు కదా. అందుకని దాదాపు ప్రతి పేజీ కిందా బ్రాకెట్లో ‘ఇక్కడ కప్ప అలమర మీద’, ‘ఇక్కడ కప్ప పాప వెనకాల’ అని రాశారు. ఆ అబ్బాయితో ‘పంపించాను’ అని మాత్రం అన్నారు. "డమ్మీ కూడా వెళ్లిందనుకున్నాడు. వెళ్లలేదని నేను చెప్పలేదు" అని ఉత్తరంలో ఒప్పుకున్నారు.

పోయిన వారం ఎడిటర్ జవాబు వచ్చింది. కథ తీసుకుంటున్నామని, పాపకి కనిపించని ఆ కప్పే పుస్తకానికి ప్రాణమని, పేరున్న ఒక ఆర్టిస్ట్‌తో బొమ్మలు వేయించాలనుకుంటున్నామని రాశారు. ఒప్పందం మీద రెండు వారాల్లో సంతకం చేసి పంపాలి. బృందంలో నాలుగైదు పుస్తకాలు వేసిన ఒక పెద్దాయన, "ఈ రంగంలో ఇదంతా మామూలే, సంతకం అయ్యేదాకా నోరెత్తకమ్మా" అన్నారట. ఒక స్నేహితురాలు, "అతను లేకుండా ఈ పుస్తకం వేస్తే నీతో మాట్లాడను" అందట. ఆ అబ్బాయి కలిసినప్పుడల్లా "ఏమైనా తెలిసిందా అక్కా?" అని అడుగుతున్నాడు. సంతకం పెడితే మోసం చేసినట్టా? అతనే వేయాలని అడిగితే ఉన్న అవకాశం కూడా పోతుందా? చట్టప్రకారం అతనికి హక్కేమైనా ఉందా? అసలు ఈ మాట అతనికెలా చెప్పాలి? ఇవీ ఆవిడ ప్రశ్నలు.

ఇక మీకు నా జవాబు.

మీరు రెండు వేర్వేరు సంగతుల్ని ఒకే ముడిగా వేసుకుని టెన్షన్ పడుతున్నారు. పబ్లిషర్ వేరే ఆర్టిస్ట్‌ని ఎంచుకోవడం ఒక సంగతి. కప్ప ఎవరిదన్నది ఇంకో సంగతి. మొదటిదాంట్లో మీ తప్పు లేదు, వాళ్ల తప్పూ లేదు. రెండోది తేలకుండా మాత్రం సంతకం జోలికి వెళ్లకండి.

మొదటిది త్వరగా చెప్పేస్తాను. బొమ్మల పుస్తకాల్లో ఆర్టిస్ట్‌ని పబ్లిషర్ ఎంచుకోవడం ఎప్పట్నుంచో ఉన్న పద్ధతి. పుస్తకం అచ్చయ్యేదాకా రచయిత, ఆర్టిస్ట్ ఒకరినొకరు చూసుకోకపోవడం కూడా మామూలే. మధ్యలో ఎడిటర్, డిజైనర్ ఉంటారు. రచయిత పక్కన కూర్చుని ‘ఇలా వేయి, అలా వేయి’ అంటుంటే ఆర్టిస్ట్ తన కళ్లతో కథని చూడలేడని వాళ్ల ఉద్దేశం. పైగా మీరు కొత్త. పుస్తకం మీద ఒక్క పేరైనా కొనేవాళ్లకి తెలిసినది ఉండాలని వాళ్లు అనుకుంటే దాంట్లో కుట్రేమీ లేదు. పిల్లల రచయిత్రి జూలియా డొనాల్డ్‌సన్, ఆర్టిస్ట్ ఆక్సెల్ షెఫ్లర్ జంట గురించి మీ బృందంలో అందరికీ తెలిసే ఉంటుంది. 1993లో వచ్చిన మొదటి పుస్తకానికి వాళ్లిద్దర్నీ కలిపింది పబ్లిషరే. ఆ తర్వాత ఆవిడ రాసిన ‘ది గ్రఫెలో’ ఒకచోట ఎటూ తేలకుండా పడి ఉంటే, దాన్ని డొనాల్డ్‌సనే షెఫ్లర్‌కి పంపారు. ఆయన తన పబ్లిషర్‌కి చూపించారు, 1999లో పుస్తకం వచ్చింది. అంటే ఆర్టిస్ట్ చేతుల మీదుగా కథ లోపలికి వెళ్లిన సందర్భాలూ ఉన్నాయి. కాబట్టి ఈ పద్ధతిని ఈసారికి పక్కన పెట్టమని ఒకసారి అడగొచ్చు. అడిగినంత మాత్రాన ఎవరూ మిమ్మల్ని గెంటేయరు.

ఇప్పుడు అసలు సంగతికి వద్దాం.

ప్యాట్ హచిన్స్ 1968లో ‘రోజీస్ వాక్’ అని ఒక బొమ్మల పుస్తకం చేశారు. ఒక కోడి అలా నడుచుకుంటూ వెళ్లి భోజనం వేళకి ఇంటికి చేరుతుంది. అంతే కథ. 32 పదాలు, ఒకే వాక్యం. బొమ్మల్లో మాత్రం ఒక నక్క మొదట్నుంచీ కోడి వెనకే పడుతుంది, పడిన ప్రతిసారీ బోల్తా కొడుతుంది. నక్క గురించి కథలో ఒక్క మాట లేదు. అయినా ఆ పుస్తకం చూసిన ఏ పిల్లనైనా అడగండి, ముందు నక్క గురించే చెబుతుంది. అక్కడ రాసిందీ గీసిందీ ఒక్కరే కాబట్టి ఎవరి వాటా ఎంత అన్న గొడవ రాలేదు. కోడి ఒకరిది, నక్క ఇంకొకరిది అయ్యుంటే? మీ పరిస్థితి సరిగ్గా అదే.

పబ్లిషర్ ఒక మామూలు కథ తీసుకుని బొమ్మలకి వేరే మనిషిని పెట్టుకుంటే ఆ అబ్బాయి పోగొట్టుకునేది ఒక అవకాశం మాత్రమే. బాధ ఉంటుంది గానీ అన్యాయం ఉండదు. ఇక్కడ ఎడిటర్‌కి బాగా నచ్చింది కప్ప. ఆ కప్ప వాళ్లకి చేరింది మీ బ్రాకెట్ల ద్వారా. అతని బొమ్మలు వెళ్లలేదు, అతని బొమ్మల్లో ఏముందో రాసిన మాటలు మాత్రం మీ పేరుతో వెళ్లాయి. మీకు నిద్ర పట్టనిది ఇందుకే అనుకుంటున్నాను.

ఒక పని చేయండి. వెయ్యి పదాల మొదటి కథ, అతని డమ్మీ, మీరు పంపిన మూడొందల పదాల కథ, ఈ మూడూ పక్కపక్కన పెట్టుకోండి. రెండు రంగుల పెన్సిళ్లు తీసుకుని, చివరి కథలో ఏది ఎక్కడ్నుంచి వచ్చిందో గుర్తు పెట్టండి. మీరు రాసిందాన్ని బట్టి నాకు తోచింది చెబుతాను. పాప మీది. చప్పుడు మీది. ఒక్కో గదీ వెతుక్కుంటూ పోయే ఆ నడక మీది. అమ్మనీ నీతినీ కోసి అవతల పారేసిన చెయ్యి కూడా మీదే. దీన్ని తక్కువ చేసుకోకండి. పిల్లలకి రాసేవాళ్లలో చాలామంది నీతి చెప్పకుండా కథ ఆపలేరు. కప్ప అతనిది. చివరి మలుపు, అంటే ‘ఎవరూ లేరు’ అన్న మాటకి నవ్వొచ్చేలా చేసింది, అతని బొమ్మ.

ఇంకొకటి కూడా చూడండి, దీన్ని చాలామంది పట్టించుకోరు. బొమ్మల పుస్తకం సాధారణంగా 32 పేజీలు, అంటే 16 పేజీల ఫారాలు (ఒకేసారి అచ్చు వేసి మడిచే పెద్ద కాగితాలు) రెండు. పేరు పేజీ, కాపీరైట్ పేజీ లాంటివి పోగా కథకి మిగిలేవి ఎదురెదురు పేజీల జతలు 12 నుంచి 14. ఏ వాక్యం ఎక్కడ ఆగి పేజీ తిప్పించాలన్నది సగం కథ. ‘పాప మంచం కింద...’ అని ఆగి, పేజీ తిప్పాక ‘...చూసింది’ అని వస్తే పిల్లలు ఊపిరి బిగబట్టేది ఆ మధ్యలోనే. మీరు పంపిన కథలో ఈ విరుపులు అతని డమ్మీలో ఉన్నట్టే ఉన్నాయా? ఉంటే అవి కూడా అతని రంగు పెన్సిల్‌తో గుర్తు పెట్టండి.

లెక్క తేలాక ‘ఇది పూర్తిగా నా కథే, అతను బొమ్మలేశాడంతే’ అని మనస్ఫూర్తిగా అనిపిస్తే నా జవాబులో సగం మీకు అక్కర్లేదు. నాకు మాత్రం అలా అనిపించడం లేదు.

చట్టం సంగతి అడిగారు. నేను లాయర్ని కాను, వివరాలు దేశాన్ని బట్టి మారతాయి. మూలసూత్రం మాత్రం దాదాపు అన్నిచోట్లా ఒకటే. కాపీరైట్ ఆలోచనకి ఉండదు, ఆ ఆలోచనకి ఇచ్చిన రూపానికి ఉంటుంది. మేధోసంపత్తి హక్కుల మీద దేశాలు చేసుకున్న 1994 నాటి ట్రిప్స్ ఒప్పందం తొమ్మిదో అధికరణంలో ఈ మాట సూటిగానే ఉంది. కాబట్టి ‘పాపకి కనిపించని కప్ప’ అన్న ఊహ ఒక్కదాన్నే పట్టుకుని అతను గెలవడం కష్టం. అయితే అతను గీసిన కప్ప, దాని ఉబ్బిన బుగ్గలు, చెప్పులో ముడుచుకుని కూర్చున్న ఆ తీరు, గీసిన క్షణం నుంచే అతని సొత్తు. కాపీరైట్ మీద ఉన్న అంతర్జాతీయ బెర్న్ ఒప్పందం ప్రకారం దానికి రిజిస్ట్రేషన్ కూడా అక్కర్లేదు. కొత్త ఆర్టిస్ట్ మీ బ్రాకెట్లు చదివి వేస్తే ఆ బొమ్మలు ఇతని బొమ్మలకి ఎంత దగ్గరగా వస్తాయో ఎవరు చెప్పగలరు? ఇద్దరూ కలిసి ఒకే రచన చేద్దామనుకునే చేశారని అతను అంటే వాదన ఇంకా పెరుగుతుంది.

ఇంతకంటే దగ్గరి ప్రమాదం మీ ఒప్పందంలోనే ఉంటుంది. కాగితాలు తీసి చూడండి. ‘ఈ రచన పూర్తిగా నా సొంతం, ఇందులో మరెవరికీ హక్కు లేదు, రేపు ఎవరైనా క్లెయిమ్ చేస్తే నష్టం నేను భరిస్తాను’ అనే అర్థం వచ్చే క్లాజు ఇలాంటి ఒప్పందాలు దాదాపు అన్నింట్లో ఉంటుంది. దానికింద మీరు సంతకం పెట్టాలి. బృందంలో అందరూ ఆ డమ్మీని చూసినవాళ్లే. ‘సంతకం అయ్యేదాకా నోరెత్తకు’ అన్న పెద్దాయన మాట నాకు నచ్చనిది న్యాయం, ధర్మం అనే కాదు. అది మిమ్మల్నే ఇరికిస్తుంది.

మరి ఏం చేయొచ్చు?

ఏమీ మాట్లాడకుండా సంతకం పెట్టేసి, తర్వాత అతనికి చెప్పడం ఒక దారి. పుస్తకం తప్పకుండా వస్తుంది. బొమ్మల పుస్తకం బయటికి రావడానికి ఏడాదిన్నరో రెండేళ్లో పడుతుంది కాబట్టి అప్పటిదాకా రోజులు గడిచిపోతాయి కూడా. అతను కోర్టుకి వెళ్తాడని నేననుకోను. మీరు రాసిందాన్ని బట్టి ఆ అబ్బాయి అలాంటివాడు కాదు. కానీ తన కప్పని ఇంకొకరి గీతల్లో అట్ట మీద చూసుకున్న రోజున ఏమవుతుందో మీకు నేను చెప్పక్కర్లేదు. బృందంలో ఇక ఎవరూ ఎవరికీ సగం రాసిన కథ చూపించరు.

ఎడిటర్‌కి ఉన్నదున్నట్టు రాసి, ఆ అబ్బాయి పనిని ఒకసారి చూడమని అడగడం రెండో దారి. అరపేజీ ఉత్తరం చాలు. ‘ఈ కథ ఇప్పుడున్న రూపానికి రావడంలో ఫలానా ఆర్టిస్ట్ డమ్మీ పాత్ర చాలా ఉంది. కప్ప అతని ఊహ. మీ నియమం ప్రకారం బొమ్మలు పంపలేదు. నిర్ణయం మీదే, కానీ చూశాక తీసుకోండి’ అని రాసి, బాగా వచ్చిన రెండు మూడు జతల పేజీలు జతచేయండి. మొత్తం పంపకండి. ఎడిటర్‌గా పనిచేసిన రోజుల్లో నా బల్ల మీదకి కూడా ఇలాంటి ఉత్తరాలు వచ్చేవి. ముందే చెప్పినవాళ్ల మీద నాకెప్పుడూ కోపం రాలేదు. అచ్చుకి వెళ్లే ముందు బయటపడితేనే ఒళ్లు మండేది.

వాళ్లు ‘సరే, అతన్నే వేయమనండి’ అంటే సంతోషమే. కానీ ఆ మాట వెనక ఒక చిక్కు ఉంది, అతనికి ముందే తెలియాలి. ఏడాది కూర్చుని వేసిన ఆ రంగుల బొమ్మలు ఉన్నవి ఉన్నట్టు అచ్చుకి పనికొచ్చే అవకాశం తక్కువ. పబ్లిషర్ పుస్తకం సైజు వేరుగా ఉండొచ్చు. అక్షరాలకి చోటు వదిలి ఉండకపోవచ్చు. పాప మొహం సరిగ్గా రెండు పేజీల మధ్య మడతలో పడితే ఆ బొమ్మ ఎంత బాగున్నా మళ్లీ వేయాల్సిందే. (ఇదే సందర్భంలో మీ బృందంలో అందరికీ ఒక మాట: డమ్మీ అంటే అన్ని పేజీలకీ పెన్సిల్ స్కెచ్‌లు, రంగులతో పూర్తి చేసినవి రెండో మూడో. అంతకు మించి వేయడం శ్రమ వృథా చేసుకోవడమే. ఆ అబ్బాయికి ఈ మాట ఏడాది కిందట ఎవరైనా చెప్పి ఉండాల్సింది.) వాళ్లు ‘శాంపిల్ వేసి చూపించమనండి’ అనొచ్చు, ‘బాగుంది గానీ మాకు కావలసిన శైలి ఇది కాదు’ అనొచ్చు. అన్నింటికీ సిద్ధపడే అడగండి.

వాళ్లు కాదంటే మూడో దారి. బొమ్మలు వేరేవాళ్లే వేస్తారు, కానీ అతని ఒప్పుదలతో, పుస్తకంలో అతని పేరుతో, మీ సంపాదనలో అతనికి వాటాతో. నాకు ఎక్కువగా సమంజసం అనిపించేది ఇది, అందుకే కాస్త వివరంగా చెబుతాను.

పేరు ఎక్కడ, ఎలా అన్నది ఎడిటర్‌తో మాట్లాడాలి. ‘కథ’ అని ఉన్నచోట మీ ఇద్దరి పేర్లూ వేయొచ్చు. లేదా కథ మీ పేరున ఉంచి, లోపల ‘కప్ప ఊహ ఫలానావారిది’ అని వేయొచ్చు. ఈ రెంటికీ చాలా తేడా ఉంది, ఏది న్యాయమో మీ రంగు పెన్సిళ్లే చెప్పాలి. పిల్లల పుస్తకాల్లో బొమ్మల వాటా ఎప్పుడూ ఆలస్యంగానే గుర్తుకొస్తుంది. పిల్లల పుస్తకాలకి సంబంధించిన అంతర్జాతీయ పురస్కారం హాన్స్ క్రిస్టియన్ ఆండర్సన్ అవార్డు రచయితలకి 1956 నుంచి ఇస్తున్నారు. ఆర్టిస్టులకి ఇవ్వడం 1966లో గానీ మొదలవలేదు.

డబ్బు విషయంలో, బొమ్మల పుస్తకం రాయల్టీని రచయిత, ఆర్టిస్ట్ చెరిసగం పంచుకోవడం చాలాచోట్ల ఉన్నదే. కొత్త ఆర్టిస్ట్ వస్తే ఆ సగం ఆయనకి పోతుంది. మీ సగంలోంచే మీరివ్వాలి. అడ్వాన్స్‌లోనూ రాయల్టీలోనూ ఇంత శాతం అని కాగితం మీద రాసి ఇవ్వండి. మీకు ఇంకో ఆలోచన వస్తుందని నాకు తెలుసు: ఏదో ఒక మొత్తం అతని చేతిలో పెట్టి ‘ఉంచుకో తమ్ముడూ’ అనడం. అది వద్దు. అక్క చేతి డబ్బు బహుమతి అయిపోతుంది. తీసుకున్నాక అతను ఇక ఏమీ అడగలేడు, పుస్తకం పది ముద్రణలకి వెళ్లినా సరే. వాటా ఇస్తే హక్కుతో అడుగుతాడు.

ఒప్పుకునే ముందు తను ఏం వదులుకుంటున్నాడో కూడా అతనికి తెలియాలి. ఆ కప్ప మీ పుస్తకంలోకి వెళ్లిపోయాక, దాన్నే పెట్టి ఇంకో పుస్తకం చేస్తానంటే ఏ పబ్లిషరూ తీసుకోరు. రంగుల బొమ్మలు అతని పోర్ట్‌ఫోలియోలో ఉంచుకోవచ్చు గానీ చూసినవాళ్లు ‘ఇది ఆ పుస్తకంలోది కదా’ అంటారు. ఈ నష్టం చెప్పకుండా సంతకం తీసుకుంటే ఆ ఒప్పుదలకి విలువ లేదు.

కప్పని తీసేసి మీ కథ మీరు ఇవ్వడం ఇంకో దారి. వినడానికి చాలా నిజాయితీగా ఉంటుంది. బ్రాకెట్లన్నీ కొట్టేసి, మిగిలిన మూడొందల పదాలూ ఒకసారి పైకి చదివి చూడండి. పాప వెతికింది, ఏమీ దొరకలేదు, పడుకుంది. నిలబడుతుందా? నిలబడితే కొత్త ఆర్టిస్ట్ తన సొంత ఊహ ఏదో తెస్తాడు, మీకు ఏ చిక్కూ ఉండదు. నాకైతే నమ్మకం లేదు. ఎడిటర్ కూడా కప్ప కోసమే తీసుకున్నామని ముందే చెప్పేశారు.

ఇక మీ స్నేహితురాలు చెప్పింది, ఇద్దరం ఉంటేనే లేకపోతే లేదు అని వెనక్కి తీసుకోవడం. తీసుకోవచ్చు. డమ్మీతో సహా చూసే పబ్లిషర్లు ఉన్నారు, వాళ్లకి పంపొచ్చు. సొంతంగా అచ్చు వేసుకోవచ్చు కూడా, కానీ రంగుల పుస్తకం తక్కువ కాపీలు వేస్తే ఒక్కోదాని ఖర్చు మోయలేనంత అవుతుంది, అమ్ముకునే పని కూడా మీ ఇద్దరి మీదే పడుతుంది. వీటన్నిటికంటే నాకు భయం వేరే ఉంది. అతన్ని అడక్కుండా మీరొక్కరే ఈ త్యాగం చేసేస్తే, దాని బరువు జీవితాంతం మోసేది ఆ కుర్రాడే. ‘నా వల్ల అక్క మొదటి పుస్తకం పోయింది’ అన్న మాట అతని నెత్తిన పెట్టే హక్కు మీకు లేదు. వెనక్కి తీసుకోవాలంటే ఇద్దరూ కూర్చుని, ఇద్దరూ అనుకునే తీసుకోండి.

ఏ దారి పట్టినా ముందు అతనితో మాట్లాడాలి, ఎడిటర్ ఆ తర్వాతే. గడువు గురించి కంగారు పడకండి. ‘ఒప్పందం అర్థం చేసుకోవడానికి ఇంకో రెండు వారాలు కావాలి’ అని రాయండి. ఇలాంటివి అడుగుతూనే ఉంటారు, ఇస్తూనే ఉంటారు.

ఎలా చెప్పాలని అడిగారు. ఫోన్లో వద్దు, బృందం కూర్చున్నప్పుడు అసలే వద్దు. ఒక్కడినే కలవండి. మీరు పంపిన కథని బ్రాకెట్లతో సహా ప్రింట్ తీసుకెళ్లండి. మంచి కబురుతో మొదలుపెట్టాలనిపిస్తుంది. పెట్టకండి. ‘కథ తీసుకున్నారు’ అనగానే అతని మొహం వెలిగిపోతుంది, ఆ తర్వాత మీరు చెప్పే ప్రతి మాటా ఆ వెలుగుని ఆర్పేదే అవుతుంది. ముందు చేదు చెప్పండి: "డమ్మీ పంపలేదు. వాళ్ల నియమం వల్ల పంపలేదు, కానీ నీకు చెప్పకపోవడం నాదే తప్పు. నీ కప్పని మాటల్లో రాసి పంపాను." కాగితం చేతికివ్వండి, చదవనివ్వండి. ఆ తర్వాత జవాబు సంగతి, ఆర్టిస్ట్ సంగతి.

అతను ‘పర్లేదక్కా’ అంటాడు. తప్పకుండా అంటాడు. వయసులో పెద్ద, బృందంలో ముందు నుంచీ ఉన్నవారు, పైగా టీచర్. మీ ముందు ఇంకేమంటాడు? ఆ మొదటి ‘పర్లేదు’ని జవాబుగా తీసుకోకండి. "ఇప్పుడేం చెప్పొద్దు. వారం ఆలోచించు, నాకు కాక నీకు నమ్మకమున్న ఇంకెవరినైనా అడుగు, తర్వాత రాసి పంపు" అనండి. కోపం వస్తే రానివ్వండి, మీ కష్టాలు చెప్పి దాన్ని ఆపకండి. రెండు మూడు నెలలు మీతో మాట్లాడకపోవచ్చు కూడా. దానికి నా దగ్గర మందు లేదు.

బృందం విషయం. పెద్దాయన మీద, స్నేహితురాలి మీద నాకు ఒకటే ఫిర్యాదు. ఇద్దరూ మీకు ఆజ్ఞలిచ్చారు గానీ ఆ అబ్బాయిని ఎవరూ అడగలేదు. అది తర్వాత చూసుకోవచ్చు. మీ వ్యవహారం తేలాక, పేర్లెత్తకుండా, ఒక పేజీ కాగితం ఒకటి తయారుచేసుకుందామని బృందంలో ప్రతిపాదించండి. ఎవరైనా ఇంకొకరి కథకి బొమ్మలు మొదలుపెట్టే ముందు ఇద్దరూ రాసుకునేది. కథ ఒక్కటే అమ్ముడైతే ఏం చేయాలి, బొమ్మల్లోంచి కథలోకి ఏదైనా వస్తే దాని పేరు, వాటా ఎలా, ఎక్కడికి పంపినా ఏం పంపామో అవతలివాళ్లకి కాపీ ఇవ్వాలి. ఇంతే. లాయర్ భాష అక్కర్లేదు, తేదీ, ఇద్దరి సంతకాలు చాలు.

బ్రాకెట్ల గురించి కూడా ఒక మాట చెప్పి వదిలేస్తాను, ఇది రాత సంగతి. ప్రతి పేజీ కిందా బొమ్మ ఎలా ఉండాలో రాసే అలవాటు మానుకోండి. మాట ఒకటి చెప్పి బొమ్మ ఇంకొకటి చెప్పేచోట, అదీ రాయకపోతే కథే తెలియని చోట మాత్రమే రాయాలి. మీ కథకి మొదట్లో ఒక్క వాక్యం సరిపోయేది: ‘పాపకి కనిపించని ఒక కప్ప ప్రతి బొమ్మలోనూ ఉంటుంది.’ అలమర మీదా, తలుపు వెనకా అన్నది వేసేవాళ్ల పని. మీరు అన్నీ రాయబట్టే అతని పేజీలు ఒక్కొక్కటిగా మీ మాటల్లోకి వచ్చేశాయి.

రెండో కథకి అతను స్కెచ్‌లు మొదలుపెట్టాడన్నారు. రేపు కలిసినప్పుడు, ఈ కథ తేలేదాకా వాటిని ఆపమని చెప్పండి. మళ్లీ మొదలుపెట్టే రోజున ఆ ఒక పేజీ కాగితం మీ ఇద్దరి మధ్యా ఉండాలి.